సొంతంగా రాసిందే అనువాదంలా ఉందంటున్నారు, ఎక్కడ దిద్దుకోవాలి?

పూర్ణామార్కెట్ పిల్ల | మే 17, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా వైజాగ్ తిండి, తిరుగుళ్ల మీద బ్లాగు రాస్తున్నాను. పగలు ఉద్యోగం, రాత్రి భోజనాలయ్యాక రాత. మొన్న ఫిషింగ్ హార్బర్ మీద పోస్టు పెడితే ఎవరో కింద ఒకే ఒక్క ముక్క రాసి వెళ్లిపోయారు: "ఇంగ్లిష్‌లో ఎక్కడుందో లింకు ఇవ్వండి, అదే చదువుకుంటాం."

ఒట్టు, నేను ఎక్కడా కాపీ కొట్టలేదు. కానీ ఆ కామెంటు చూశాక నా పోస్టు నేనే మళ్లీ చదివితే నిజంగానే నాది కానట్టు ఉంది. అమ్మతో ఫోన్లో మాట్లాడేటప్పుడు గలగలా వచ్చే తెలుగు, కీబోర్డు ముందు కూర్చునేసరికి ఎక్కడికి పోతుందో తెలియడం లేదు. చదువంతా ఇంగ్లిష్ మీడియం, తెలుగు పదో తరగతితో ఆగిపోయింది. అదే కారణమేమో.

మొదటి పేరా కింద పెడుతున్నాను. మొహమాటపడకుండా చెప్పండి.

"విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ అనేది తూర్పు తీరంలో ఉన్న ఒక ముఖ్యమైన హార్బర్. ఇది అనేక రకాల చేపలను కలిగి ఉంది. ఈ మే నెలలో ప్రతి ఉదయం వందలాది పడవల ద్వారా చేపలు తీసుకురాబడతాయి మరియు వేలం వేయబడతాయి. ఇక్కడి వాతావరణం యొక్క అందం మాటలలో చెప్పలేనిది. ఇది ప్రతి ఒక్కరూ తమ జీవితంలో ఒక్కసారైనా తప్పనిసరిగా సందర్శించాల్సిన ప్రదేశం."

సీతమ్మధార డిజిటల్ | మే 17, రాత్రి 10:58

చదివాను. నాకైతే తప్పేం కనబడలేదు, వ్యాకరణం సరిగానే ఉంది. ఇలాంటి కామెంట్లకు టెన్షన్ పడితే బ్లాగు నడపలేం. నాది ఒక్కటే సలహా. హెడ్డింగు "సముద్రపు ఒడిలో ఒక ఉదయం" అని పెట్టారు కదా, అలా టైపు చేసి ఎవరూ వెతకరు. "వైజాగ్ ఫిషింగ్ హార్బర్ ఎప్పుడు వెళ్లాలి, ఎలా వెళ్లాలి" అని పెట్టండి.

కంచరపాలెం బాబాయ్ | మే 17, రాత్రి 11:20

సదివానమ్మా. అంతా బాగానే ఉంది గానీ చేపల కంపు ఏటీ రానేదు.

డెస్కు మాస్టారు | మే 18, ఉదయం 5:35

అమ్మా, రాత్రి పడుకునే ముందు ఒకసారి, పొద్దున్న లేచి ఒకసారి చదివాను. ముప్పై ఏళ్లు ఒక తెలుగు దినపత్రిక డెస్కులో పనిచేసి రిటైరయ్యాను. చేతిలో పెన్ను లేకుండా చదవడం నాకిక చాతకాదు, కోపం తెచ్చుకోకు.

సీతమ్మధార గారన్నట్టు వ్యాకరణం తప్పు లేదు. చిక్కంతా అక్కడే. తప్పు లేని ఐదు వాక్యాలు, ఒక్కటీ తెలుగువాళ్ల నోట్లోంచి వచ్చేది కాదు. మీ ఇంటికి చుట్టాలొచ్చి "హార్బర్‌లో ఏముంటుందే?" అని అడిగితే "అది అనేక రకాల చేపలను కలిగి ఉంది" అంటావా? "బోలెడు రకాల చేపలు దొరుకుతాయి" అంటావు.

వరసగా చూద్దాం. "అనేది", "ఒక" తీసేసి చదువు. ఏమీ పోలేదు కదా. ఇంగ్లిష్‌లో నామవాచకం ముందు ఏదో ఒకటి తగిలించకపోతే కుదరదు, మనకు ఆ బెడద లేదు. "ఒక" అన్నది రెండు కాదని చెప్పడానికో, "ఒక ఊళ్లో" అని కథ ఎత్తుకోవడానికో రాయాలి. నీ పోస్టు మొత్తం తెరిచి "ఒక" ఎన్నిసార్లు వచ్చిందో వెతుకు, నీకే నవ్వొస్తుంది.

"తీసుకురాబడతాయి", "వేయబడతాయి". ఈ "బడు" మీద నాకు పాత పగ. చేసేవాళ్లు ఎవరో చెప్పే పని లేనప్పుడు తెలుగులో కర్తను వదిలేస్తాం, అంతే. చేపలు తెస్తారు, వేలం వేస్తారు. ఎవరు తెస్తారని ఎవరూ అడగరు. ప్రెస్‌నోట్లలో "రోడ్డు ప్రారంభించబడినది" అని వచ్చేది. నేను కళ్లు మూసుకుని "ప్రారంభించారు" అని దిద్దేవాణ్ని.

"మరియు" అన్నది శుభలేఖల్లోనూ ఆఫీసు ఉత్తర్వుల్లోనూ బతుకుతోంది, మన నోళ్లలో లేదు. రెండు పేర్లు కలపాలంటే చివర అక్షరం సాగదీస్తాం: చేపలూ రొయ్యలూ. రెండు పనులు కలపాలంటే మొదటి పనిని సగంలో ఆపి రెండోదానికి అందిస్తాం: తెచ్చి, దించి, వేలం వేస్తారు. ఎన్ని పనులైనా ఇలా గుచ్చుకుంటూ పోవచ్చు. ఇంత సుఖం పెట్టుకుని "మరియు" ఎందుకు?

"వాతావరణం" అంటే నాకు ఎండా వానా గుర్తొచ్చాయి. నువ్వు చెప్పదలచుకున్నది అక్కడి సందడి. ఇక "మాటలలో చెప్పలేనిది". చెప్పలేకపోతే ఊరుకోవాలి గానీ, చెప్పలేనని చెప్పడానికి పోస్టు ఎందుకమ్మా?

ఇవన్నీ కొట్టేశాక మిగిలింది ఇదీ:

"విశాఖ ఫిషింగ్ హార్బర్‌కు పొద్దున్నే వందలాది పడవలు వస్తాయి. చేపలు దించి అక్కడే వేలం వేస్తారు."

ఐదు వాక్యాలు రెండయ్యాయి. అసలు సంగతి ఇప్పుడు బయటపడింది. ఈ రెండు వాక్యాలూ హార్బర్ మొహం చూడనివాడు కూడా రాయగలడు. నిన్నొకటి అడుగుతాను, నిజం చెప్పు. నువ్వు వెళ్లావా?

జాలారిపేట అబ్బాయి | మే 18, ఉదయం 6:10

మాస్టారు అడిగిందే నేనూ అడుగుదామనుకున్నా. అక్కా, "ఈ మే నెలలో ప్రతి ఉదయం" అని రాశారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా వేట నిషేధం. 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆపుతారు. మెకనైజ్డ్ బోట్లు, ఇంజిను బిగించిన పడవలు ఏవీ సముద్రంలోకి వెళ్లకూడదు. ఇంజిను లేని తెప్పలకే మినహాయింపు. ఇప్పుడు హార్బర్‌కి వెళ్తే బోట్లన్నీ ఒకదాని పక్కన ఒకటి తాళ్లతో కట్టేసి కనబడతాయి. మా నాన్న వాళ్లు వలలు బాగు చేసుకుంటున్నారు. పక్క బోటు వాళ్లు రంగులేస్తున్నారు. మీరు రాసిన వేలం ఈ నెలలో లేదు.

ఇంకోటి. అక్కడ ఉండేవాటిని మేం పడవలనం. బోట్లంటాం.

పూర్ణామార్కెట్ పిల్ల | మే 18, ఉదయం 9:05

ఆఫీసుకు వెళ్తూ బస్సులో చదివాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

వెళ్లలేదు మాస్టారూ. జనవరిలో నా ఫ్రెండు వెళ్లి ఫొటోలు పంపింది. అవి ముందు పెట్టుకుని, ఇంగ్లిష్‌లో నాలుగైదు బ్లాగులు చదివి రాశాను. "మే నెల" అన్నది తాజాగా ఉంటుందని నేనే తగిలించాను. ఆ కామెంటు పెట్టినాయనది నిజమే అన్నమాట, అనువాదం నా తలలోనే జరిగిపోయింది. పోస్టు ఇప్పుడే తీసేస్తున్నాను.

ఎర్రమట్టి | మే 18, ఉదయం 9:40

తీసేయకండి. పైన "సవరణ" అని ఒక లైను పెట్టి, వేట నిషేధం సంగతి రాసి, తప్పున్న వాక్యం కొట్టేయండి. ఇప్పటికే చదివినవాళ్లలో ఎవరైనా పిల్లల్ని తీసుకుని తెల్లారి హార్బర్‌కి వెళ్తే పాపం కట్టేసిన బోట్లు చూసి రావాలి. వాళ్లకైనా తెలియాలి కదా.

ఊరి మీద రాసేవాళ్లం ఒకరి తప్పు ఇంకొకరం అంటించుకుంటాం. నేనే నా మొదటి పోస్టులో కురుసుర సబ్‌మెరైన్ 2001 నుంచి మ్యూజియం అని రాశాను. ఎక్కడో చదివి ఎత్తుకొచ్చిందే. నిజానికి అది నౌకాదళంలో చేరింది 1969లో, సేవల నుంచి తప్పుకున్నది 2001 ఫిబ్రవరిలో, మ్యూజియంగా తెరిచింది 2002 ఆగస్టులో. మూడు తేదీలను కలిపి ఒకటి చేసేశాను.

ఇంతకన్నా ఘోరం హుద్‌హుద్. మా ఇంటి రేకులు ఎగిరిపోతుంటే కళ్లారా చూసినవాణ్ని. ఆ ధీమాతో ఏమీ చూడకుండా "దీపావళి వెళ్లాక వచ్చిన తుపాను" అని రాశాను. తుపాను వచ్చింది 2014 అక్టోబరు 12న. దీపావళి ఆ నెల 23న. పదకొండు రోజులు అటుదిటు చేశాను. చదివి తెలుసుకున్నదైతే మళ్లీ చూసుకుంటాం. మనం చూసినదాన్ని చూసుకోం, అక్కడే పడతాం.

అప్పటినుంచి ఒక అలవాటు. రాయడం అయ్యాక పోస్టు ప్రింటు తీసి ప్రతి అంకె కిందా, ప్రతి పేరు కిందా పెన్సిలుతో గీత గీస్తాను. ఎక్కడినుంచి వచ్చిందో పక్కన రాయలేకపోతే ఆ వాక్యం ఉండదు. ఎర్రమట్టి దిబ్బల మీద రాసిన పోస్టులో ఇలాగే మూడు పేరాలు పోయాయి. జియలాజికల్ సర్వే వాళ్లు జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారన్నది మిగిలింది, అక్కడ తీసిన సినిమాల జాబితా ఎగిరిపోయింది. ఎవరూ అడగలేదు కూడా.

నైట్ షిఫ్ట్ నర్సు | మే 18, మధ్యాహ్నం 2:15

ఇప్పుడే నిద్ర లేచాను. నేను బాలింతల ఆరోగ్యం మీద చిన్న చిన్న పోస్టులు రాస్తాను. డ్యూటీలో ఖాళీ దొరికితే పది నిమిషాలు, అదీ ఫోన్లోనే.

ఒకసారి ఫలానా మాత్ర పాలిచ్చే తల్లులు "వేసుకోకూడదు" అని రాయబోయాను. "వేసుకో" దాకా కొట్టేసరికి కీబోర్డు తనే మాట చూపించింది, వేలు తగిలింది, "వేసుకోవచ్చు" అని పడింది. చదివి చూసుకున్నాను కూడా. రాసింది నేనే కాబట్టి కళ్లకు "కూడదు" అనే కనబడింది. పోస్టు పెట్టిన ఇరవై నిమిషాలకు మా అక్క ఫోన్ చేసి "ఇదేంటే?" అంది. నా కాళ్లు చల్లబడిపోయాయి.

తెలుగులో అవునో కాదో వాక్యం కొసన, క్రియ తోకలో ఉంటుంది. అక్కడికి వచ్చేసరికి కన్ను పక్క లైనుకు దూకేస్తుంది. అందుకని ఇప్పుడు మొదటి దిద్దుబాటులో క్రియలు మాత్రమే చూస్తాను. కూడదు, వద్దు, లేదు, వచ్చు. తర్వాత అంకెలు. మిగతా అందచందాలు తీరుబడి ఉంటే.

ఇంకోటి, ఫోన్‌కే చదవమని చెప్తాను. ఇప్పుడు ఫోన్లు తెలుగు పైకి చదువుతాయి కదా. ఆ గొంతుకు రాగం లేదు, జాలి లేదు. మనం రాసింది రాసినట్టే వినిపిస్తుంది. చెవిలో పెట్టుకుని గిన్నెలు కడుక్కుంటూ వింటాను. ఎక్కడ ఊపిరాడలేదో అక్కడ వాక్యం పొడుగైనట్టు.

ఎంవీపీ వంటిల్లు | మే 18, సాయంత్రం 4:30

నర్సమ్మా, నీ పోస్టు చదివి నా పాత పాపం గుర్తొచ్చింది. మాడుగుల హల్వా ఎలా చేయాలో రాశాను. నెయ్యి ఎంత, పంచదార ఎంత, జీడిపప్పు ఎప్పుడు వేయాలి, అన్నీ ఉన్నాయి. ఐదో లైనులో "ముందుగా నానబెట్టి రుబ్బి తీసిన గోధుమ పాలు పోయాలి" అని వచ్చింది. అప్పటికి ఒకావిడ పొయ్యి మీద మూకుడు పెట్టేసి ఉంది! గోధుమలు నానబెట్టి పాలు తీయడం ఒక్క పూటలో తేలే పని కాదు. "చుట్టాలు హాల్లో కూర్చున్నారండీ, ఇప్పుడేం చేయను" అని మెసేజ్ పెట్టింది.

వంట పోస్టు రాశాక నేనిప్పుడు దాన్ని చూసుకుంటూ మళ్లీ వండుతాను. చేయి ఎక్కడ ఆగితే అక్కడ రాత తప్పు. "తగినంత ఉప్పు" మాత్రం వదలను, దాని మీద ఎవరేమన్నా సరే.

కంచరపాలెం బాబాయ్ | మే 18, సాయంత్రం 6:02

తగినంత అంటే ఎంతమ్మా?

ఎంవీపీ వంటిల్లు | మే 18, సాయంత్రం 6:10

పిన్నిని అడుగు బాబాయ్.

సాగర్‌నగర్ కుర్రాడు | మే 18, రాత్రి 8:25

పెద్ద విషయాలు పెద్దలు చెప్పారు. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని, పురుగులేరే పని నాది.

నా పేరే చూడండి. సాగర్ తర్వాత పొల్లు ఆగి, నగర్ విడిగా కనబడాలి. మామూలుగా టైపు చేస్తే "సాగర్నగర్" అని ర కింద న ఒత్తు పడుతుంది. "ఫేస్‌బుక్" కాస్తా "ఫేస్బుక్" అవుతుంది. మధ్యలో కంటికి కనబడని ఒక అక్షరం పెడితే ఒత్తు పడకుండా ఆగుతుంది, దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. చాలామంది దీని బదులు ఖాళీ వదిలేస్తారు, అప్పుడు ఫేస్ ఒక లైన్లో, బుక్ ఇంకో లైన్లో పడతాయి. నా దగ్గర ఇలాంటి మాటలన్నీ సరిగ్గా రాసి పెట్టుకున్న ఫైలుంది, అందులోంచి తీసి అతికించుకుంటాను.

రెండోది ఒత్తులు. "అర్థం" అంటే భావం, "అర్ధం" అంటే సగం. "నాకు అర్ధం అయింది" అని రాస్తే సగమే అయిందని. అతిథి, తిథి, పరిస్థితి, వ్యవస్థ: అన్నిటికీ థ. సిద్ధం, యుద్ధం, శ్రద్ధ, అభివృద్ధి: ద కింద ధ. స్వచ్ఛం: చ కింద ఛ. మధ్యాహ్నం, చిహ్నం: హ కింద న. మనం పలికేటప్పుడు ఇవన్నీ మెత్తగా అరిగిపోతాయి కాబట్టి చెవిని నమ్మితే ఇక్కడ మునుగుతాం. నర్సు గారి ఫోన్ గొంతు కూడా వీటిని పట్టుకోలేదు. అనుమానం వస్తే ఆంధ్రభారతి సైటులో నిఘంటువులు చూస్తాను. శబ్దరత్నాకరం, బ్రౌణ్యం, సూర్యరాయాంధ్రం అన్నీ ఒకే చోట వెతకొచ్చు.

మాస్టారూ, ప్రాధాన్యత అనొచ్చా, ప్రాధాన్యం అనాలా?

డెస్కు మాస్టారు | మే 18, రాత్రి 9:10

ప్రాధాన్యం. ప్రాముఖ్యం, నైపుణ్యం కూడా అంతే. ప్రధానం అన్న మాటకు ఒకసారి ప్రత్యయం చేరి ప్రాధాన్యం అయింది, దాని మీద మళ్లీ "త" ఎక్కిస్తే చొక్కా మీద చొక్కా తొడిగినట్టు. అయితే "ప్రాధాన్యత" ఇప్పుడు ఊరంతా పాకిపోయింది. దీని కోసం ఎవరితోనూ గొడవ పడకు, నీ రాతలో చూసుకో చాలు.

ఒత్తుల మాటకొస్తే నాకూ ఒక గాయముంది. రాత్రి పన్నెండు దాటాక వచ్చిన సంతాప వార్త. పోయినాయన ఇంటిపేరులో ఒక ఒత్తు ఎగిరి, వేరే ఇంటిపేరు అయి కూర్చుంది. నేను వార్త మొత్తం రెండుసార్లు చదివాను, పైన పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు చదవలేదు. అంత పెద్దగా ఉన్నది తప్పుంటుందని ఎవరనుకుంటారు? మర్నాడు వాళ్లబ్బాయి ఆఫీసుకొచ్చాడు. అరవలేదు, పేపరు నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. అప్పటినుంచి హెడ్డింగు, పేరు, ఫొటో కింది రాత, ఈ మూడూ అయ్యాకే వార్తలోకి దిగేవాణ్ని.

సీతమ్మధార డిజిటల్ | మే 19, ఉదయం 10:20

మాస్టారూ, మీరు ఐదు వాక్యాలను రెండు చేశారు. బాగుంది. కానీ నా దగ్గరికి వచ్చే కస్టమర్లు పోస్టుకు 1500 పదాలు ఉండాలంటారు. రెండు వాక్యాల పోస్టు ఎవరికి కనబడుతుంది? పేపరుకు చోటు తక్కువ, అందుకని మీకు కోయడం అలవాటు. మాకు చోటుకు కొదవ లేదు.

డెస్కు మాస్టారు | మే 19, ఉదయం 11:45

మాటకు మాట చెప్తున్నాననుకోకండి. చోటు లేకపోవడమే మా అదృష్టం. ప్రకటన వస్తే వార్త కింద నుంచి నాలుగు లైన్లు పోయేవి. అందుకని విలేకరి ముఖ్యమైనది పైన పెట్టడం నేర్చుకున్నాడు. మీకు కోసేవాడు లేడు, చదివేవాడు వేలితో తోసేస్తాడు.

1500 పదాలు వద్దనను. 1500 పదాల సరుకు ఉంటే రాయండి. అమ్మాయి పోస్టులో ఉన్నది రెండు వాక్యాల సరుకు. దాన్ని సాగదీస్తేనే "తప్పనిసరిగా సందర్శించాల్సిన" లాంటివి పుట్టుకొస్తాయి. మీరు హెడ్డింగు గురించి చెప్పింది మాత్రం నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. "సముద్రపు ఒడి" ఎవరికీ ఏమీ చెప్పదు.

కంచరపాలెం బాబాయ్ | మే 19, సాయంత్రం 7:30

మాస్టారూ, నాదొక డవుటు. నాను స్టీలు ప్లాంటులో సేసి రిటైరైపోనాను. మా ఊరి కబుర్లు ఫోన్లో రాసుకుంటాను. మావోడు సదివి "నాన్నా, ఇలగ రాస్తే నవ్వుతారు, పేపరు బాస రాయి" అంటాడు. పేపరు బాస రాస్తే నాకే నవ్వొస్తంది. ఏటి సెయ్యమంతారు?

డెస్కు మాస్టారు | మే 19, రాత్రి 9:00

బాబాయ్ గారూ, ఈ సంగతిలో మన ఉత్తరాంధ్రకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. వాడుక భాషలో రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు శ్రీకాకుళం వైపు వారే. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. రాచకొండ విశ్వనాథశాస్త్రి గారు ఈ విశాఖలోనే ప్లీడరీ చేస్తూ, కోర్టు వరండాల్లో విన్న మాటను విన్నట్టు కథల్లోకి ఎక్కించారు.

అయితే ఒకటి. విన్నది విన్నట్టు రాయడం అనుకున్నంత తేలిక కాదు. ఒక వాక్యంలో "రానేదు" అని, పక్క వాక్యంలో "రాలేదు" అని ఉంటే చదివేవాడు తడబడతాడు. మీరు ఏ మాట ఎలా రాస్తారో నాలుగు కాగితాల్లో రాసి పెట్టుకోండి, ఆ ప్రకారం దిద్దుకోండి. వాడుక భాషకూ దిద్దుబాటు ఉంటుంది. గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కం 1897లో అచ్చయింది. అందరూ మెచ్చుకున్నారు. ఆయన దాన్ని అలా వదిలేయలేదు, దాదాపు కొత్త నాటకమా అన్నంతగా తిరగరాసి 1909లో మళ్లీ అచ్చేయించారు. మనం ఇప్పుడు చదువుకుంటున్నది ఆ రెండోదే. పన్నెండేళ్లు! మనం రాత్రి రాసింది రాత్రే పెట్టేస్తున్నాం. కనీసం తెల్లారనివ్వండి అంటాను నేను.

కంచరపాలెం బాబాయ్ | మే 19, రాత్రి 9:25

పన్నెండేళ్లంటే నాకు కుదరదు గానీ, తెల్లారేదాకా ఆగుతాను.

నైట్ షిఫ్ట్ నర్సు | మే 20, ఉదయం 7:50

పూర్ణా, మనిద్దరం ఒక పని చేద్దామా? నీ పోస్టు పెట్టేముందు నాకు పంపు, నాది నీకు పంపుతాను. మెచ్చుకోవడం వద్దు. చదువుతూ ఎక్కడ విసుగొచ్చిందో అక్కడ ఒక చుక్క పెట్టడం, ఎక్కడ అర్థం కాలేదో అక్కడ ప్రశ్న గుర్తు పెట్టడం. ఎలా మార్చాలో చెప్పక్కర్లేదు, అది రాసినవాళ్ల పని.

పూర్ణామార్కెట్ పిల్ల | మే 20, ఉదయం 9:00

తప్పకుండా అక్కా. అందరికీ చాలా థాంక్సండీ. సవరణ పెట్టాను. వేట మొదలయ్యాక హార్బర్‌కి వెళ్లి మళ్లీ రాస్తాను. అప్పటిదాకా కొత్త పోస్టులు లేవు, పాతవి తెరిచి "ఒక"లు ఏరుతున్నాను. మొదటి పోస్టులోనే 41 దొరికాయి.

పూర్ణామార్కెట్ పిల్ల | జూన్ 21, రాత్రి 9:15

వెళ్లాను! రాశాక రెండు రోజులు పక్కన పెట్టాను. నర్సక్క నాలుగు చుక్కలు పెడితే నాలుగు వాక్యాలూ తీసేశాను. అమ్మకు ఫోన్లో చదివి వినిపించాను. ఆవిడ మధ్యలో "ఊఁ" అనడం మానేసిన చోట మళ్లీ రాశాను. మొదటి పేరా ఇదీ:

"నాలుగున్నరకి హార్బర్ గేటు దగ్గర ఆటో దిగాను. ఇంకా చీకటిగానే ఉంది. చేపలు ముందు ముక్కుకు తెలిశాయి, తర్వాత కాళ్లకు. నేలంతా ఐసు నీళ్లు. బోటు మీంచి ట్రేలు చేతులు మారుతూ గట్టుకు వస్తున్నాయి. వంజరాలు ఒక కుప్ప, చందువలు ఒక కుప్ప, నెత్తళ్లు గంపల్లో. వేలం పాట పాడే ఆయన అంకెలు ఎంత గబగబా అంటున్నాడంటే, ఎవరికి దక్కిందో నాకు తెలిసేలోపు కుప్ప లేచిపోతోంది. ఒకావిడ తల మీద చుట్టకుదురు సర్దుకుని, గంప ఎత్తమని నన్నే పిలిచింది. ఎత్తాను. ఆ వాసన రెండు రోజులు నా చేతుల్ని వదల్లేదు."

జాలారిపేట అబ్బాయి | జూన్ 21, రాత్రి 9:32

ఇది మా హార్బరే అక్కా. ఒక్కటి, "గట్టుకు" కాదు, "జెట్టీ మీదకు".

డెస్కు మాస్టారు | జూన్ 22, ఉదయం 5:40

ఇప్పుడు నువ్వు కనబడ్డావు. "ఇంకా చీకటిగానే ఉంది" తీసెయ్. నాలుగున్నర అన్నావుగా. కుప్పల దగ్గర "ఒక" రెండుసార్లు వచ్చింది చూశావా? వాటిని ఉంచు. అవి లెక్క చెప్తున్నాయి.

సీతమ్మధార డిజిటల్ | జూన్ 22, ఉదయం 10:05

బాగుంది. హెడ్డింగు "వైజాగ్ ఫిషింగ్ హార్బర్: వేలం చూడాలంటే నాలుగున్నరకే వెళ్లాలి" అని పెడితే ఎలా ఉంటుంది?

పూర్ణామార్కెట్ పిల్ల | జూన్ 22, ఉదయం 10:12

పెట్టేశాను. జెట్టీ, చీకటి కూడా దిద్దాను.

కంచరపాలెం బాబాయ్ | జూన్ 22, సాయంత్రం 6:45

కంపు వచ్చిందమ్మా, బాగుంది. గానీ చందువ కేజీ ఎంతో రాయనేదు.

పూర్ణామార్కెట్ పిల్ల | జూన్ 22, రాత్రి 8:30

రేటు రోజూ మారుతుంది కదా బాబాయ్. ఇవాళ రాస్తే రేపటికి తప్పయిపోతుందని వదిలేశాను.

కంచరపాలెం బాబాయ్ | జూన్ 22, రాత్రి 8:41

తారీకేసి రాయమ్మా. అప్పుడు తప్పెలగవుద్ది?